కుక్కపిల్లలో తల్లి వాటా, తండ్రి వాటా

పుట్టే పిల్ల గుణాలకు తండ్రే మూలమన్న నమ్మకం యూరప్‌లో చాలా పాతది. క్రీ.పూ. 4వ శతాబ్దంలోనే అరిస్టాటిల్ రూపాన్నిచ్చేది మగజీవి, ఆ రూపం దాల్చే పదార్థాన్నిచ్చేది ఆడజీవి అన్నాడు. మనుస్మృతి తొమ్మిదో అధ్యాయంలోని బీజ క్షేత్రాల వాదనా దాదాపు ఇదే దారిలో సాగుతుంది. వేటకుక్కలు పెంచేవారికి ఈ మాట అనుభవంతో సరిపోయినట్టే కనిపించింది. పేరున్న ఒక మగకుక్కకు వందల పిల్లలు పుట్టగలవు. ఆడకుక్కకు జీవితం మొత్తంలో కొన్ని ఈతలే. ఎక్కువగా కంటబడిన పోలికే ఎక్కువ బలమైనదని అనుకోవడం సహజం.

ఈ నమ్మకానికి ఎదురుసాక్ష్యం కూడా కుక్కల దగ్గరే దొరికింది. ఇటలీలో లాజరో స్పల్లాంజానీ 1780లో ప్రకటించిన ప్రయోగమది. ఎదకు వచ్చిన ఆడకుక్కను విడిగా ఉంచి, మగకుక్క వీర్యాన్ని పిచికారీతో గర్భంలోకి ఎక్కించాడు. 62 రోజులకు మూడు పిల్లలు పుట్టాయి. వాటిలో తల్లి పోలికా ఉంది, తండ్రి పోలికా ఉంది. విచిత్రమేమిటంటే, పిండం ముందే తల్లి అండంలో సిద్ధంగా ఉంటుందని నమ్మినవాడు స్పల్లాంజానీ. తండ్రి పోలికను తన చేత్తోనే రాసుకున్నా ఆ నమ్మకాన్ని వదల్లేదు. క్షీరదాల అండాన్ని కార్ల్ ఎర్న్‌స్ట్ ఫాన్ బేర్ కళ్లారా చూసింది 1827లో. అదీ ఒక ఆడకుక్క దేహంలోనే.

పెంపకందార్లను మాత్రం మరో భయం పట్టుకుంది. ఆడకుక్క ఒక్కసారి ఊరకుక్కతో కలిస్తే ఆ తర్వాతి ఈతలన్నీ చెడిపోతాయన్నది దాని సారం. 1821లో లండన్ రాయల్ సొసైటీ ప్రచురించిన ఒక వృత్తాంతం దీనికి ఊతమిచ్చింది. మోర్టన్ ప్రభువు ఆడగుర్రం ఒకటి క్వాగా అనే జీబ్రా రకం జంతువుతో కలిసి పిల్లను కన్నది. తర్వాత నల్ల అరబ్బీ గుర్రానికి కన్న పిల్లల ఒంటి మీద కూడా చారలు కనిపించాయట. డార్విన్ అంతటివాడు దీన్ని నమ్మాడు. 1890లలో ఎడిన్‌బరో దగ్గర పెనిక్యుక్‌లో జేమ్స్ కోసర్ యూవర్ట్ జీబ్రాలతో, గుర్రాలతో ప్రయోగాలు చేసి ఇందులో పస లేదని చూపించాడు. అయినా ఆ భయం పెంపకందార్ల నోట చాలాకాలం నలిగింది.

అసలు లెక్క బాసెట్ హౌండ్ల చిట్టాతో మొదలైంది. చిత్రకారుడు జాన్ ఎవరెట్ మిలే కొడుకు ఎవరెట్ మిలే 1874లో ఫ్రాన్స్ నుంచి ‘మోడల్’ అనే పొట్టికాళ్ల బాసెట్‌ను ఇంగ్లండ్ తెచ్చాడు. ఆ జాతి వంశావళిని 1896 దాకా నమోదు చేశాడు. అందులో తల్లిదండ్రుల రంగులు కూడా ఉండటం శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ గాల్టన్‌కు అక్కరకొచ్చింది. తెలుపు పసుపు కలిసినవి, వాటికి నలుపు కూడా తోడైన మూడు రంగులవి అని ఆ చిట్టాలోని బాసెట్లు రెండే రకాలు. 817 కుక్కల వివరాలతో 1897లో గాల్టన్ సూత్రం కట్టాడు. తల్లిదండ్రులిద్దరిదీ కలిపి సగం, తాత అవ్వలు నలుగురిదీ కలిపి పావు వంతు, ఆపై తరానిది అందులో సగం. రంగు విషయంలో తండ్రి కంటే తల్లిదే కాస్త పైచేయిగా, సుమారు 6కి 5గా, తేలింది. తండ్రే సర్వస్వమనే లోకంలో ఇది చిన్న మాట కాదు. కానీ గాల్టన్ తన సూత్రంలో ఇద్దరికీ సమాన వాటానే ఉంచాడు.

సూత్రం నిలవలేదు, సమాన వాటా నిలిచింది. 1900లో మెండెల్ సిద్ధాంతం మళ్లీ వెలుగులోకి వచ్చాక, వాటాలు పూర్వీకుల మధ్య అలా సగం సగంగా తెగవని అర్థమైంది. కుక్క కణంలో 78 క్రోమోజోములు. 39 తల్లివి, 39 తండ్రివి. పిల్లలన్నిటికీ తన రూపమే దించే మగకుక్కను పెంపకందార్లు మహాబలశాలిగా చూసేవారు. చాలాసార్లు దాని వెనుక ఉన్నది జన్యువు స్వభావమే. బాసెట్ కాళ్లను పొట్టిగా చేసే జన్యుమార్పును 2009లో గుర్తించారు. అది ఒక్కరి నుంచి వచ్చినా చాలు, ఆ ఒక్కరు ఎవరైనా సరే.

సమానత్వానికి మినహాయింపులున్నాయి. పిల్ల ఆడో మగో తేల్చేది తండ్రి. మైటోకాండ్రియా వచ్చేది తల్లి నుంచి. మగపిల్లకు ఎక్స్ క్రోమోజోమ్ దక్కేదీ తల్లి దగ్గరే. ఈ చివరి సంగతి ఎంత మోసం చేయగలదో జర్మన్ షెపర్డ్ జాతిలో తెలిసింది. 1968లో పుట్టి 1972లోనే చనిపోయిన ‘కాంటో ఫాన్ డెర్ వీనరౌ’కు రక్తం గడ్డకట్టని హీమోఫీలియా ఉంది. దాని కొడుకులకు జబ్బు దిగలేదు. కూతుళ్లన్నీ పైకి ఆరోగ్యంగా ఉంటూనే లోపాన్ని మోశాయి. వాటి మగపిల్లల్లో జబ్బు బయటపడింది. పైపైన చూస్తే తప్పు తల్లిది, వంశం పట్టి చూస్తే తాతది.

జన్యువులతో పనిలేని వాటా మాత్రం తల్లిదే. ఈతలో ఎన్ని పిల్లలన్నది ముఖ్యంగా తల్లి విడుదల చేసే అండాల మీద ఆధారపడుతుంది. గర్భంలో పోషణ, పాలు, తొలి వారాల్లో బెదురూ నిబ్బరమూ నేర్పే సాంగత్యం కూడా తల్లి వల్లే. తండ్రి ప్రభావం ఒక ఈతలో సగమే అయినా, జాతి మొత్తం మీద చాలా ఎక్కువ. నిల్వచేసిన వీర్యం వచ్చాక చనిపోయిన కుక్కకు కూడా పిల్లలు పుడుతున్నాయి. అందుకే ఏ కుక్క సంతానమైనా ఆ జాతిలో ఐదేళ్లలో నమోదైన పిల్లల సంఖ్యలో 5 శాతం దాటకూడదని అంతర్జాతీయ కుక్కల సమాఖ్య ఎఫ్‌సీఐ సూచిస్తోంది. ఆ హద్దు తగిలేది దాదాపు ఎప్పుడూ మగకుక్కలకే.