బ్రిస్టల్ పట్టణమున కలసిన బాణీలు

కంట్రీ రాక్ అని నేడు ప్రసిద్ధమైన అమెరికా సంగీతమునకు మూలములు ప్రాచీనములు. ఐరోపా వలసదారులు వెంటఁ గొనివచ్చిన కథాగేయములును, ఫిడేలు వరుసలును, ఆఫ్రికా సంతతివారు సృజించిన బ్లూస్ గానమును, వారి పూర్వుల వాద్యస్మృతి నుండి రూపొందిన బాంజోయు దక్షిణ రాష్ట్రములయందు చిరకాలము కలసి ప్రవహించిన పిమ్మటనే అది సంభవించెను.

1927లో విక్టర్ రికార్డు కంపెనీ పక్షమున రాల్ఫ్ పీర్, టెన్నెసీ వర్జీనియాల సరిహద్దునఁ గల బ్రిస్టల్ పట్టణమునకు వచ్చి స్థానిక గాయకుల పాటలను రికార్డు చేయఁగా, కార్టర్ కుటుంబమను గాయకబృందమును, పూర్వము రైల్వేలోఁ బనిచేసిన జిమ్మీ రోడ్జర్సును లోకమునకు పరిచితులైరి. రోడ్జర్సు బ్లూస్ బాణీకి యోడెలింగు అను గళవిన్యాసమును జోడించి కీర్తి గడించి, 1933లో క్షయవ్యాధిచే మరణించెను. కార్టర్ కుటుంబమునకుఁ జెందిన ఏ.పీ. కార్టరు పల్లెపాటల సేకరణకై సంచరించునపుడు నల్లజాతి గిటారు వాదకుఁడు లెస్లీ రిడిల్ వెంట నుండి, విన్న బాణీలను జ్ఞప్తియం దుంచుకొనుచుండెను.

అట్లయ్యును కంపెనీలు తెల్లవారి పాటలను, నల్లవారి పాటలను వేఱ్వేఱు జాబితాలుగా విక్రయించినందున నల్లవారి సంగీతమునకుఁ బడిన ఈ ఋణము మఱుగుపడెను. పిమ్మట 1968లో బర్డ్స్ అను రాక్ బృందము, తన సభ్యుఁడు గ్రామ్ పార్సన్స్ ప్రేరణమున, ‘స్వీట్‌హార్ట్ ఆఫ్ ది రోడియో’ ఆల్బమునందు కంట్రీ బాణీని రాక్ శ్రోతల ముంగిటికిఁ దెచ్చెను. కావున నేఁ డొక బృందము జానపదమును, బ్లూసును మేళవించి క్రొత్త ఆల్బమును వెలువరించినచో, వ్యాపారము వేఱుపఱచిన తోఁబుట్టువులను అది మరల నొక్క పంక్తిని గూర్చుండఁబెట్టిన దనుట యుక్తము.