పటాన్‌చెరు సూదిమందు, మన ముట్టు లెక్క



క్లాసు అయిపోయాక మగపిల్లలు బయటికి పోయేదాకా ఆగి, కొందరు అమ్మాయిలు నా టేబుల్ దగ్గరికి వస్తారు. అడిగేది చిన్న గొంతుతో, దాదాపు ఒకటే ప్రశ్న. "మేడమ్, నాకు ఇరవై ఎనిమిది రోజులకు రాదు. ఏమన్నా రోగమా?" నేను చెప్పేది తెలుగు సాహిత్యం. డాక్టరును కాను, డాక్టరేట్ మాత్రమే ఉంది. కానీ ఈ ప్రశ్నకు వైద్యం ఎంత అవసరమో చరిత్ర కూడా అంతే అవసరం. "మామూలు" అనే మాటను ఎవరు నిర్ణయించారు, ఎవరి మీద నిర్ణయించారు అన్నది చరిత్రే. అందుకే ఈ భాగం దీని మీద రాస్తున్నాను.

ముందు మాటల సంగతి చూద్దాం, అది నా రంగం కాబట్టి. ముట్టు అంటే తాకడం. ముట్టు అంటే నెలసరి. ముట్టరానిది, అంటరానిది అనే మాటలు ఊరి బయట ఉన్న మనకూ వాడారు, ఇంటి బయట కూర్చున్న ఆడమనిషికీ వాడారు. బహిష్టు అన్న మాట విప్పి చూడండి, అందులో ఉన్నది "బయట ఉన్నది" అని మాత్రమే. నెత్తురు ఊసే లేదు. దూరం కూర్చోవడం, కడగా ఉండటం, బయట చేరడం ఇవన్నీ శరీరంలో ఏం జరుగుతుందో చెప్పే మాటలు కావు, మనిషిని ఎక్కడ పెట్టాలో చెప్పే మాటలు. ఎంచుకుని వాడదగ్గ మాట ఒక్కటే కనబడుతుంది నాకు: నెలసరి. అది కాలాన్ని చెబుతుంది. అయినా నేను ఈ వ్యాసంలో ముట్టు అనే రాస్తాను. మా అమ్మ అదే అంటుంది, ఆ మాటను మైల నుంచి విడిపించుకోవాల్సింది మనమే. పనిముట్టులో ఉన్నది కూడా ఆ అక్షరాలే కదా.

ఇది మాటల పోలిక మాత్రమే అనుకునేవాళ్లు మనుస్మృతి ఐదో అధ్యాయం తెరిచి చూడవచ్చు. ఎవరిని తాకితే స్నానం చేస్తే గానీ శుద్ధి కాదో అక్కడ ఒక జాబితా ఉంది. చండాలుడు, ముట్టయిన స్త్రీ, పతితుడు, బాలింత, శవం. ఒకే శ్లోకంలో, ఒకే వరసలో. 1927 డిసెంబర్ 25న మహద్‌లో బాబాసాహెబ్ నాయకత్వంలో తగలబెట్టిన పుస్తకంలో ఈ శ్లోకమూ ఉంది. కులం మీద పోరాటం వేరు, ఆడవాళ్ల ముచ్చట వేరు అనే మన సంఘాల అన్నలకు ఈ ఒక్క జాబితా చూపిస్తే చాలు.

అయితే ఇక్కడ ఒక తేడా ఉంది, దాన్ని దాటిపోకూడదు. దొరసాని మూడు రోజులు మూల గదిలో కూర్చుంటే ఆమె ముట్టు బట్టలు ఉతికింది ఎవరు? చాకలి తల్లులు. ఆమె కాన్పు చేసి, మైల ఎత్తిపోసింది ఎవరు? మంగలి, మాదిగ మంత్రసానులు. ఆమెను ముట్టుకోకూడని ఆ మూడు రోజుల్లో ఆమె మైలను ముట్టుకోవాల్సిన పని మన కింద కులాలది. మరి మన వాడల్లో ఆడవాళ్లు ఎన్ని రోజులు దూరం కూర్చున్నారు? కలుపు రోజు కూలి పోతే పొయ్యి వెలగదు. నాట్లలో మోకాళ్ల లోతు నీళ్లలో, పాతగుడ్డ కట్టుకునే నిలబడ్డారు. ఈ మధ్య "మన పూర్వీకులు ఆడవాళ్లకు మూడు రోజులు విశ్రాంతి ఇచ్చారు" అని వాట్సాప్‌లో తిరుగుతోంది చూశారా, ఆ పూర్వీకులు మన పూర్వీకులు కాదు.

మైల భావన పల్లెటూరి మూఢనమ్మకం అనుకుని కాలర్ ఎగరేసే చదువుకున్నవాళ్లకు ఒక ముచ్చట. 1920లో వియన్నాలో బేలా షిక్ అనే పిల్లల డాక్టరు ఉండేవాడు. డిఫ్తీరియాకు షిక్ పరీక్ష అని వైద్య విద్యార్థులు చదువుకునేది ఈయన పేరుతోనే. ఇంట్లో పనిమనిషికి పూలిచ్చి నీళ్లలో పెట్టమన్నాడు. తెల్లారేసరికి పూలు వాడిపోయాయి. ఆమెను అడిగితే ముట్టయ్యానంది. ఈయన ఇంక దాని మీద ప్రయోగాలు చేసి, ముట్టయిన ఆడదాని చర్మం నుంచి ఒక విషం వస్తుందని తేల్చి, దానికి మెనోటాక్సిన్ అని పేరు పెట్టాడు. కొన్ని దశాబ్దాల పాటు వైద్య పత్రికల్లో దాని మీద వాదనలు నడిచాయి. అలాంటి విషం ఏదీ లేదు. పరీక్షకు దొరికింది మాత్రం పనిమనిషే, గమనించండి.

ఇప్పుడు ఇరవై ఎనిమిది సంగతి. 1920ల దాకా అండం ఎప్పుడు విడుదలవుతుందో ప్రపంచంలో పెద్ద పెద్ద డాక్టర్లకే సరిగా తెలియదు. ముట్టు రోజుల చుట్టూనే గర్భం నిలుస్తుందని పంతొమ్మిదో శతాబ్దం వైద్యులు చాలామంది నమ్మారు. ఆ దశాబ్దంలో జపాన్‌లో ఒగినో, ఆస్ట్రియాలో క్నాస్ ఎవరికి వారుగా అసలు సంగతి పట్టుకున్నారు. ఒగినో లెక్క ముఖ్యమైంది: అండం విడుదలయ్యేది ముట్టయిన పద్నాలుగో రోజున కాదు, వచ్చే ముట్టుకు సుమారు రెండు వారాల ముందు. అంటే చక్రం పొడవులో వచ్చే తేడా ఎక్కువగా మొదటి సగంలోనే వస్తుంది. పరీక్షల టెన్షను, హాస్టల్ తిండి, జ్వరం, రాత్రి డ్యూటీలు ఇవన్నీ దెబ్బ కొట్టేది ఆ మొదటి సగాన్ని. అండం విడుదల వాయిదా పడుతుంది, ముట్టు వాయిదా పడుతుంది. పరీక్షల నెలలో వారం ఆలస్యమైందంటే ఒళ్లు చెడిపోయిందని కాదు.

1934లో అమెరికాలోని మిన్నెసోటా యూనివర్సిటీలో అలన్ ట్రెలోర్ అనే లెక్కల మనిషి చదువుకునే అమ్మాయిల చేత ప్రతి నెలా తేదీలు రాయించడం మొదలుపెట్టాడు. ఏళ్ల తరబడి రాశారు వాళ్లు. 1967లో అచ్చయిన ఫలితాల్లో 2,700 మందికి పైగా ఆడవాళ్ల, రెండున్నర లక్షలకు పైగా చక్రాలున్నాయి. తేలిందేమిటి? ఒకరికీ ఇంకొకరికీ తేడా, ఒక్క మనిషికే నెలకూ నెలకూ తేడా. ముట్టు మొదలైన తొలి ఏళ్లలోనూ, ఉడిగే ముందు ఏళ్లలోనూ తేడా మరీ ఎక్కువ. వాళ్లు దాదాపు అందరూ తెల్లజాతి చదువుకున్న అమ్మాయిలే, ఆ పరిమితి ఉంది. 2019లో ఫోన్ యాప్‌లో నమోదైన ఆరు లక్షల చక్రాలను లెక్కేస్తే సగటు 29 రోజుల పైచిలుకు వచ్చింది. సరిగ్గా 28 రోజులవి నూటికి 13 మాత్రమే. అంటే ఆ "నార్మల్" నూటికి 87 సార్లు తప్పు.

మరి ఇరవై ఎనిమిది మన బుర్రల్లో ఎలా పాతుకుంది? చంద్రమానం కొంత. మందుబిళ్లల అట్ట కొంత. సర్కారు దవాఖానలో ఇచ్చే మాలా-ఎన్ అట్ట తిప్పి చూడండి. 21 హార్మోన్ బిళ్లలు, 7 ఐరన్ బిళ్లలు, మొత్తం 28. ఆ ఏడు రోజుల్లో వచ్చేది హార్మోన్ ఆపడం వల్ల వచ్చే నెత్తురు. దాన్ని ముట్టులా కనిపించేలా తయారు చేశారు. అట్ట ఇచ్చిన గడువును మనం ప్రకృతి గడువనుకున్నాం.

ఇక పటాన్‌చెరు. మా బహదూర్‌పల్లి నుంచి గండిమైసమ్మ చౌరస్తా దాటి, దుండిగల్ దగ్గర ఔటర్ ఎక్కితే అరగంట ప్రయాణం. నా విద్యార్థుల్లో ఒక్కరికీ ఈ కథ తెలియదు. మా తెలంగాణ ఉద్యమ చరిత్ర పుస్తకాల్లో నేనూ చూడలేదు.

1985లో, అప్పటి మెదక్ జిల్లా పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నెట్-ఎన్ అనే సూదిమందు వేస్తున్నారని హైదరాబాద్‌లోని స్త్రీశక్తి సంఘటన కార్యకర్తలకు తెలిసింది. నెట్-ఎన్ అంటే నోరెథిస్టిరోన్ ఎనాంథేట్. రెండు నెలలకొకసారి వేస్తే గర్భం రాదు. భారత వైద్య పరిశోధన మండలి, అంటే ఐసీఎంఆర్, దాన్ని ఆడవాళ్ల మీద పరీక్షిస్తోంది. సంఘం వాళ్లు అక్కడికి పోయి చూస్తే, సూది కోసం వచ్చిన ఊరి ఆడవాళ్లకు ఇది పరీక్ష అన్న సంగతే చెప్పలేదు. పిల్లలు పుట్టకుండా మంచి మందు వచ్చింది అన్నారు, అంతే. దీని వల్ల ఏమవుతుందో విడమర్చి చెప్పాక చాలామంది వెనక్కి తిరిగి పోయారు.

ఏమవుతుంది? ముట్టు తప్పుతుంది. కొందరికి నెలల తరబడి రాదు. కొందరికి ఆగకుండా చుక్కచుక్కగా కారుతుంది, కొందరికి ఎక్కువ పోతుంది. వైద్య పత్రాల్లో దీనికి పేరు "దుష్ప్రభావం". అసలే నెత్తురు తక్కువున్న ఒంటికి ఇది ఏపాటి దెబ్బో ఆలోచించండి. 2019-21 సర్వేలో కూడా తెలంగాణలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి పైగా రక్తహీనత. ఇంకో సంగతి. ముట్టు రాకపోతే "నెల తప్పింది" అనుకుంటుంది మన ఆడమనిషి, కడుపు భయం పడుతుంది. ఆమెకు తన ఒంటి గురించి ఉన్న ఒకే ఒక్క గుర్తును ఆ సూది చెరిపేసింది, పైగా చెప్పకుండా చెరిపేసింది.

1986లో స్త్రీశక్తి సంఘటన, ఢిల్లీ సహేలీ, మరికొందరు సుప్రీంకోర్టుకు పోయారు. కేసు 2000 దాకా నడిచింది. నెట్-ఎన్‌ను మూకుమ్మడిగా కుటుంబ నియంత్రణ కార్యక్రమంలో పెట్టబోమని ప్రభుత్వం చెప్పాక ముగిసింది. 2017లో ఇంకో సూదిమందు, మూడు నెలలదాన్ని, "అంతర" పేరుతో సర్కారు దవాఖానల్లోకి తెచ్చారు. ముట్టు తేడాలు దీనితోనూ వస్తాయి.

దీన్ని చదివి గర్భనిరోధకాలే వద్దంటున్నానని ఎవరూ అనుకోకండి. 1938 నవంబర్‌లో బొంబాయి శాసనసభలో సంతాన నియంత్రణ కోసం తీర్మానం వచ్చినప్పుడు చదివిన ప్రసంగం బాబాసాహెబ్ తయారుచేసిందే, పి.జె. రోహమ్ చదివారు. కనాలా వద్దా అన్నది ఆడమనిషి చేతిలో ఉండాలన్నది మన పాత డిమాండు. పటాన్‌చెరులో లేనిది ఆ చెయ్యే.

స్త్రీశక్తి సంఘటన, ఆ తర్వాత అన్వేషి చుట్టూ ఉన్నవాళ్లు ఎక్కువమంది అగ్రకులాల చదువుకున్న ఆడవాళ్లే, దాని మీద మన దళిత స్త్రీల విమర్శ మనకుంది, ఉండాలి. అయినా ఈ పని వాళ్లు చేశారు. 1991లో "సవాలక్ష సందేహాలు" అని తెలుగులో ఆడవాళ్ల ఆరోగ్యం మీద పుస్తకం కూడా తెచ్చారు. ముట్టు, తెల్లబట్ట, గర్భసంచి గురించి సిగ్గు లేకుండా, సంస్కృతం లేకుండా తెలుగులో రాయవచ్చని నాకు తెలిసింది దానితోనే.

తెల్లబట్ట అన్నాను కదా, అక్కడి నుంచి కోత దాకా ఒక దారి పడింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2015-16లో మొదటిసారి గర్భసంచి తీసేయించుకున్నారా అని అడిగింది. దేశంలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి సుమారు ముగ్గురు. తెలంగాణలో ఎనిమిది, ఆంధ్రప్రదేశ్‌లో తొమ్మిది. దేశంలో మొదటి రెండు స్థానాలూ తెలుగువాళ్లవే. ఆపరేషన్ అయిన వయసు మధ్యస్థంగా 34 ఏళ్లు. మూడింట రెండు ప్రైవేటు ఆసుపత్రుల్లో. సగానికి పైగా ఆడవాళ్లు చెప్పిన కారణం ఎక్కువ నెత్తురు పోవడం, నొప్పి.

మా చిన్నమ్మకు 31 ఏళ్లు అప్పుడు. నడుం నొప్పి, తెల్లబట్ట. ఆర్ఎంపీ ఒక నర్సింగ్ హోమ్‌కు పంపాడు. స్కానింగ్ తీసి "సంచి పాడైంది, ఉంచితే క్యాన్సర్" అన్నారు. బాకీ తెచ్చి తీయించుకుంది. అండాశయాలు కూడా తీసేశారని ఆమెకు తర్వాత ఎప్పుడో కాగితాలు చూపిస్తే తెలిసింది. నలభై దాటకముందే బొక్కల నొప్పులు, ఒంట్లో మంటలు. రంగు, వాసన మారని తెల్లబట్ట ప్రతి ఆడమనిషికీ అయ్యేదే అని ఆమెకు ఎవరూ చెప్పలేదు. రంగు మారితే, దురద వాసన ఉంటే చాలావరకు మందుబిళ్లలతో పోయే ఇన్ఫెక్షన్ అనీ చెప్పలేదు.

2013లో డాక్టర్ నరేంద్ర గుప్తా వేసిన పిటిషన్‌లో బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్ కోతల కథ సుప్రీంకోర్టు ముందుకొచ్చింది. 2023 ఏప్రిల్‌లో తీర్పు వచ్చింది, కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలను రాష్ట్రాలన్నీ అమలు చేయాలని. మన రెండు రాష్ట్రాల సంఘాలు దాన్ని పట్టుకుని ప్రతి జిల్లాలో లెక్కలు అడగవచ్చు. ఇంకా అడగలేదు మనం.

సరే, మీరు అడిగిన లెక్క. నెత్తురు కనబడిన మొదటి రోజును ఒకటిగా పెట్టి, మళ్లీ వచ్చే ముందు రోజు దాకా ఎంచండి. అంతర్జాతీయ ప్రసూతి వైద్యుల సమాఖ్య ఫిగో 2018లో చెప్పిన ప్రకారం పెద్దవాళ్లకు 24 నుంచి 38 రోజుల మధ్య ఏదైనా మామూలే. పోయేది ఎనిమిది రోజుల లోపు. నెలకూ నెలకూ వారం, తొమ్మిది రోజుల తేడా ఉన్నా మామూలే. పెద్దమనిషైన తొలి ఏళ్లలో 21 నుంచి 45 దాకా ఉంటుంది. నెత్తురు ఎంతన్నదానికి 80 మిల్లీలీటర్లు అని ఒక గీత ఉండేది, స్వీడన్‌లో 1966 నాటి కొలతల నుంచి వచ్చింది. ప్యాడ్‌ను ఎవరు కొలుస్తారు? ఇప్పుడు డాక్టర్లు అడిగేది వేరు: దాని వల్ల నీ పని, చదువు, నిద్ర ఆగిపోతున్నాయా? ఆగిపోతే అది ఎక్కువే. ఆ మాట మీరే చెప్పాలి, చెబితే వినాలి.

గంటకో ప్యాడ్ తడిసిపోతున్నా, మూడు నెలలు రాకపోయినా, పదిహేనేళ్లు నిండినా మొదలు కాకపోయినా, మధ్యలో గానీ కలిశాక గానీ నెత్తురు కనబడినా, ఉడిగిపోయాక మళ్లీ కనబడినా ఆలస్యం చేయకుండా పోండి. ముందు హిమోగ్లోబిన్, థైరాయిడ్ అడగండి. కోత అంటే ఇంకో డాక్టరును అడగండి. అండాశయాలు ఉంచుతారా అని అడగండి. రాతలో ఇమ్మనండి.

పోయిన ఏడాది నా డిగ్రీ క్లాసు అమ్మాయి ఒకామె గోడ క్యాలెండర్ మీద రాహుకాలం గడి పక్కనే గీతలు పెట్టుకుంది. పది చక్రాలు. చిన్నది 27 రోజులు, పెద్దది 35. ఇరవై ఎనిమిది ఒక్కటీ లేదు. వాళ్ల అమ్మకు చూపిస్తే ఆమె కూడా పక్కన వేరే రంగుతో పెట్టడం మొదలుపెట్టిందట.

వచ్చే భాగంలో మంత్రసానుల గురించి.