షుగర్ లేకున్నా మెదడుకు ఫంగస్.. తగ్గని తలనొప్పిని తేలిగ్గా తీసుకోవద్దు

షుగర్ లేదు, హెచ్‌ఐవీ లేదు. అయినా మెదడుకు ఫంగస్ సోకుతుందా? అరుదుగానే అయినా సోకుతుంది. 2021లో బ్లాక్ ఫంగస్ ఎక్కువగా షుగర్ ఉన్నవారిని, కొవిడ్‌కు స్టెరాయిడ్లు వాడినవారిని దెబ్బతీసింది. కొన్ని ఫంగస్‌లు మాత్రం ఆరోగ్యంగా ఉన్నవారినీ వదలవు.

ఏమిటవి?

క్రిప్టోకోకస్ గటీ: చెట్ల బెరడు, కుళ్లిన కలపలో ఉంటుంది. గాలితో పాటు ఊపిరితిత్తుల్లోకి, అక్కడి నుంచి మెదడు పొరలకు చేరుతుంది. జామాయిల్ చెట్లపై దీన్ని 1990లో ఆస్ట్రేలియాలో, 1997లో మన పంజాబ్‌లో గుర్తించారు.

క్లాడోఫియలోఫోరా బాంటియానా: ఇదో నల్ల బూజు. మెదడులో చీముగడ్డ కడుతుంది. భారత్‌లో చాలా కేసులు నమోదయ్యాయి.

ఆస్పర్జిల్లస్: సైనస్‌లో మొదలై కళ్లకు, మెదడుకు పాకుతుంది.

నెల్లూరు తీరంలో భయపడాలా?

జిల్లాలో సరుగుడు, జామాయిల్ తోటలు కొత్త కాదు. తోటలో తిరిగినంత మాత్రాన జబ్బు రాదు. క్రిప్టోకోకస్ మనిషి నుంచి మనిషికి అంటుకోదు.

ఎప్పుడు అనుమానించాలి?

రెండు మూడు వారాలైనా తగ్గని తలనొప్పి, వాంతులు, చూపు మసకబారడం, ఫిట్స్, మాట తడబడటం, కాలో చెయ్యో పట్టు తప్పడం. జ్వరం లేకపోయినా ఆగొద్దు. ఇవన్నీ మెదడు టీబీలోనూ ఉంటాయి. టీబీ మందులు వాడుతున్నా తగ్గకపోతే ఫంగస్ పరీక్ష గురించి డాక్టర్‌ను అడగండి.

ఏ పరీక్షలు?

ముందుగా స్కాన్ తీస్తారు. ఆ తర్వాత అవసరాన్ని బట్టి వెన్ను నీరు తీసి క్రిప్టోకోకల్ యాంటిజెన్ పరీక్ష చేస్తారు. గడ్డ ఉంటే ఆపరేషన్ చేసి ముక్క తీసి పరీక్షిస్తారు. ‘వెన్ను నీరు తీస్తే నడుం పడిపోతుంది’ అని చాలామంది ఒప్పుకోరు. నిజానికి క్రిప్టోకోకస్ సోకితే తలలో ఒత్తిడి పెరిగి చూపు పోవచ్చు. ఆ నీరు తీయడమే ఒత్తిడిని తగ్గించే చికిత్స.

చికిత్స ఎలా?

క్రిప్టోకోకస్‌కు మొదట ఆంఫోటెరిసిన్-బి ఇంజెక్షన్లు, ఫ్లూసైటోసిన్ ఇస్తారు. తర్వాత నెలల తరబడి ఫ్లూకోనజోల్ వాడాలి. తలనొప్పి తగ్గిందని మధ్యలో ఆపితే జబ్బు తిరగబెడుతుంది.

ఎక్కడికి వెళ్లాలి?

నెల్లూరు ప్రభుత్వ సర్వజన ఆస్పత్రిలో చూపించుకోవచ్చు. ఫిట్స్ వచ్చినా, స్పృహ తప్పినా 108కి ఫోన్ చేయండి. వెళ్లేటప్పుడు రేషన్ కార్డు, ఆధార్ వెంట ఉంచుకోండి. ఎన్టీఆర్ వైద్య సేవ కింద చికిత్స దొరుకుతుందా అని ఆస్పత్రిలోని పథకం కౌంటర్‌లో ముందే అడగండి. పాత స్కాన్లు, మందుల చీటీలు పారేయొద్దు. వేరే ఆస్పత్రికి పంపితే అవే రోజులు ఆదా చేస్తాయి.