‘యూదా!’ అన్న అరుపుకు వ్యాఖ్యానం

1966 మే 17న మాంచెస్టర్‌లోని ఫ్రీ ట్రేడ్ హాలులో అమెరికన్ జానపద గాయకుడు బాబ్ డిలన్ కచేరీలో శ్రోతల్లోంచి ఎవరో ‘యూదా!’ అని అరిచారు. ఇస్కరియోతు యూదా, అంటే ముప్పై వెండి నాణేలకు గురువైన యేసును పట్టించిన శిష్యుడు. ఆ అభియోగంలో మూడంశాలున్నాయి: అమ్మకం, ఆప్తత, ద్రోహం.

అమ్మకం: డబ్బు పుచ్చుకోవడమే అమ్ముడుపోవడమైతే అభిమానులు ఐదేళ్లు ఆలస్యంగా మేల్కొన్నట్టు. డిలన్ 1961లోనే కొలంబియా అనే పెద్ద రికార్డు కంపెనీతో ఒప్పందం చేసుకున్నాడు. అరిచినవారూ టికెట్టు కొని వచ్చినవారే. అమ్ముడుపోవడమంటే వెలకు లొంగి పాట స్వభావాన్ని మార్చుకోవడం. అనగా, పాట ఎలా ఉండాలో కొనేవాడి రుచి నిర్ణయించడం. డిలన్ అలా మారాడా? ఆ రాత్రి మొదటి సగంలో ఒంటరిగా, అకూస్టిక్ గిటారుతో పాడితే హాలు శ్రద్ధగా విన్నది. ఎలక్ట్రిక్ గిటారుతో, వాద్యబృందంతో వచ్చేసరికి ఎదురుతిరిగింది. ఎదుట కూర్చున్నవారి రుచికి అతను లొంగలేదన్నది స్పష్టం. అయితే అదే ఎలక్ట్రిక్ బాణీలో అతను పాడిన ‘లైక్ ఎ రోలింగ్ స్టోన్’ 1965లో అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో రెండో స్థానానికి చేరింది. హాలు కాదన్నదాన్ని బజారు మెచ్చింది. అందువల్ల అనుమానానికి ఆధారముంది. లాభం కోసమే మారాడనడానికి రుజువు లేదు.

ఆప్తత: యూదా పన్నెండుమంది శిష్యుల్లో ఒకడు. బయటివాణ్ణి ఎవరూ ఆ పేరుతో తిట్టరు. 1963 ఆగస్టు 28న మార్టిన్ లూథర్ కింగ్ ప్రసంగించిన వాషింగ్టన్ పౌరహక్కుల సభలో డిలన్ పాడాడు. అప్పటి జానపద గీతాభిమానికి పాటను మెచ్చడమంటే ఒక పక్షాన నిలవడం. తానెవరో తనకు తాను చెప్పుకోవడానికి ఆ అభిమాని పాటను వాడుకున్నాడు. ఎలక్ట్రిక్ గిటారు అతనికి తాను వదిలివచ్చిన బజారు పాటల ప్రపంచపు ధ్వని.

ద్రోహం: పాట నచ్చకపోతే కలిగేది నిరాశ. ద్రోహమనాలంటే ముందొక మాట ఇచ్చి ఉండాలి. డిలన్ నోటిమాట ఇవ్వలేదు, పాటలు ఇచ్చాయి. ‘మాస్టర్స్ ఆఫ్ వార్’ ఆయుధాలు చేయించేవారిని నిలదీస్తుంది, వినేవాణ్ణి తటస్థంగా ఉండనివ్వదు. అలా కదిలి వచ్చినవాడు, కదిలించినవాడు పక్కనే ఉంటాడని ఆశించడం సహజం. ఆ బాధను కుర్రతనమని కొట్టేసేవారితో నేను ఏకీభవించను. కాని అందులో రెండు కోరికలు కలిసిపోయాయి. పాటలో చెప్పిన ధర్మానికి కట్టుబడమని అడగడం ఒకటి. ఆ గిటారుకే, ఆ బాణీకే జీవితాంతం కట్టుబడమనడం మరొకటి. మొదటిదానికి శ్రోతకు హక్కుంది. రెండోది యాజమాన్యం, అంటే ఎదుటివాడి ఎదుగుదలను తన సొత్తుగా లెక్కించడం.

2020 డిసెంబరులో డిలన్ ఆరువందలకు పైగా పాటల హక్కులను యూనివర్సల్ సంస్థకు అమ్మాడు. పత్రాలు రాసుకుని జరిగిన అసలైన అమ్మకం ఇదే. మాంచెస్టర్ నాటి ఆక్రోశం మాత్రం మళ్లీ రేగలేదు. హక్కుదారు మారాడు, పాట మారలేదు, దాన్ని పట్టుకుని నిలబడ్డవాడెవడూ ఒంటరి కాలేదు.