చేతిలో ఉన్న కాలం: వేన్ గ్రాహం బేస్‌బాల్ శిక్షణ జీవితం - ఒక పరిశీలన

వేన్ గ్రాహం గురించి రాసేవారు సాధారణంగా ఆయన వయసుతో మొదలుపెడతారు. టెక్సస్‌లోని హ్యూస్టన్‌లో హైస్కూలు బేస్‌బాల్ కోచ్‌గా ఏళ్ల తరబడి పనిచేసిన ఈ మనిషికి కాలేజీ జట్టు దక్కింది నలభై అయిదేళ్లకు. రైస్ విశ్వవిద్యాలయం పిలిచింది యాభై అయిదేళ్లకు. అరవై ఏడేళ్ల వయసులో జాతీయ విజేత. ఓపికకు దక్కిన ఫలం అనే ఈ కథ చెప్పుకోవడానికి బాగానే ఉంటుంది గానీ, ఆయన చేసిన పనేమిటో దీన్నిబట్టి తెలియదు. హైస్కూలు, జూనియర్ కాలేజీ, విశ్వవిద్యాలయం అనే మూడు అంచెల్లోనూ ఆయన పనిచేశారు. ఒక కుర్రవాడు కోచ్ చేతిలో ఎంతకాలం ఉంటాడు, ఆ తర్వాత ఎవరి చేతికి వెళతాడు అన్నది ఒక్కో అంచెలో ఒక్కో రకంగా ఉండేది. గ్రాహం పద్ధతికీ, దాని మీద వచ్చిన విమర్శకూ మూలం అక్కడే ఉందని నా వాదన.

ఆటగాడిగా ఆయన జీవితం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. 1936లో టెక్సస్‌లోని యోకమ్‌లో పుట్టారు, టెక్సస్ విశ్వవిద్యాలయానికి ఆడారు, ఓ దశాబ్దం మైనర్ లీగుల్లో తిరిగారు. మేజర్ లీగులో మొత్తం 30 ఆటలు: 1963లో ఫిలడెల్ఫియా ఫిలీస్‌కు, 1964లో న్యూయార్క్ మెట్స్‌కు. 55 సార్లు బ్యాటింగుకు దిగి 7 హిట్లు కొట్టారు. పదింటికి మూడు కొడితే మంచి బ్యాటర్ అనిపించుకునే ఆటలో ఇది నిలబెట్టే లెక్క కాదు. ఆ రోజుల్లో మెట్స్ మేనేజర్ కేసీ స్టెంగెల్. యాంకీస్‌తో ఏడు ప్రపంచ సిరీస్‌లు గెలిచి వచ్చి, దేశంలోకెల్లా బలహీనమైన జట్టును నడుపుతున్న ముసలాయన. బెంచి మీద కూర్చున్నవాడికి అంతకుమించిన పాఠశాల దొరకదేమో.

1970ల్లో గ్రాహం హ్యూస్టన్‌లోని స్కార్‌బరో హైస్కూల్లో, ఆ తర్వాత స్ప్రింగ్ బ్రాంచ్ హైస్కూల్లో కోచ్‌గా పనిచేశారు. టెక్సస్ ప్రభుత్వ పాఠశాలల్లో కోచ్ అంటే బడి ఉద్యోగే; మన పీఈటీ మాస్టారికి దగ్గరి హోదా. ఆటగాళ్లను ఏరుకునే వీల్లేదు. బడి పరిధిలో ఏ పిల్లలుంటే వాళ్లే జట్టు. పైగా ఆ రాష్ట్రంలో బడి గౌరవమంతా ఫుట్‌బాల్‌దే. ఉన్నవాళ్లతో నెట్టుకురావాలి కాబట్టి ప్రాథమికాంశాలను పదేపదే సాధన చేయించడం తప్ప హైస్కూలు కోచ్‌కు మరో ఆయుధం ఉండదు.

1981 సీజన్ నుంచి 1991 దాకా, పదకొండేళ్లు, ఆయన హ్యూస్టన్ తూర్పు వైపున్న శాన్ జసింటో కాలేజీలో ఉన్నారు. రైస్ వెలుగులో చాలామంది దాటేసే ఈ దశే నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది. జట్టు 675 ఆటలు గెలిచి 113 ఓడింది. 1985, 1986, 1987, 1989, 1990ల్లో జాతీయ జూనియర్ కాలేజీ టైటిల్ గెలిచింది. జూనియర్ కాలేజీలో చదువు రెండేళ్లే. ఆ రెండేళ్లయినా ఆటగాడు ఉంటాడన్న భరోసా లేదు. నాలుగేళ్ల విశ్వవిద్యాలయంలో చేరినవాణ్ణి మేజర్ లీగు జట్లు మూడో ఏడు పూర్తయ్యేదాకా, లేదా 21 ఏళ్లు వచ్చేదాకా డ్రాఫ్ట్‌లో (ఏటా జరిగే ఆటగాళ్ల ఎంపికలో) తీసుకోకూడదు. జూనియర్ కాలేజీ కుర్రవాణ్ణి ఏ ఏడాదైనా తీసుకోవచ్చు. అంటే కోచ్ ఏటా దాదాపు కొత్త జట్టు కట్టుకోవాలి.

అలా ఆయన చేతిమీదుగా వెళ్లినవాళ్లలో ఇద్దరు పిచర్లను చూద్దాం. రోజర్ క్లెమెన్స్ చదివిన హైస్కూలు స్ప్రింగ్ బ్రాంచ్ ప్రాంతంలోదే. 1981లో ఒక్క సీజన్ శాన్ జసింటోకు ఆడాడు. మెట్స్ 12వ రౌండ్‌లో ఎంచుకుంటే కాదని టెక్సస్ విశ్వవిద్యాలయానికి వెళ్లాడు. ఆ తర్వాత మేజర్ లీగుల్లో 354 విజయాలు, ఉత్తమ పిచర్‌కు ఇచ్చే సై యంగ్ అవార్డులు ఏడు. నిషిద్ధ ఉత్ప్రేరకాల వివాదం కూడా ఆ పేరుకు అంటుకునే ఉంది. ఆండీ పెటిట్ సంగతి ఇంకా ఆసక్తికరం. 1990 డ్రాఫ్ట్‌లో 22వ రౌండ్‌లో యాంకీస్ అతన్ని ఎంచుకుంది. అప్పటి నిబంధన ప్రకారం, ఎంపికైన కుర్రవాడు జూనియర్ కాలేజీలో చేరితే మరుసటి డ్రాఫ్ట్ దగ్గరపడేదాకా అతనిపై హక్కు ఆ క్లబ్‌కే ఉంటుంది. ఏడాది ఆట చూసి, నచ్చితే సంతకం చేయించుకోవచ్చు. పెటిట్ శాన్ జసింటోలో ఒక సీజన్ ఆడాడు, 1991 మేలో యాంకీస్‌తో ఒప్పందం చేసుకున్నాడు. చివరికి 256 విజయాలు సాధించాడు. ఈ నిబంధన గ్రాహం లాంటి కోచ్‌కు వరమే: విశ్వవిద్యాలయం వైపు చూడని ప్రతిభ ఏడాదిపాటు ఆయన చేతికొస్తుంది. ఆ ఏడాదిలో కోచ్ ప్రయోజనం, కుర్రవాడి ప్రయోజనం, క్లబ్ ప్రయోజనం ఒకే దారిలో ఉంటాయి. బంతి వేగం పెరగాలి, అదీ త్వరగా.

1992 సీజన్ నుంచి రైస్. ఏ జట్టు క్రీడలోనూ జాతీయ టైటిల్ ఎరగని చిన్న ప్రైవేటు విశ్వవిద్యాలయం. కాలేజీ ఆటలో పై శ్రేణి అయిన డివిజన్ వన్ బేస్‌బాల్ జట్టుకు అప్పట్లో గరిష్ఠంగా 11.7 స్కాలర్‌షిప్‌లు, వాటినే ముక్కలు చేసి జట్టంతటికీ పంచాలి. డివిజన్ వన్ జూనియర్ కాలేజీకైతే 24. డబ్బు లెక్కన చూస్తే గ్రాహం పై అంచెకు వచ్చి పేదవాడయ్యారు! దానికి బదులుగా దక్కింది కాలం. మూడేళ్ల నిబంధన పుణ్యమా అని ఆటగాడు కోచ్ చేతిలో నిలుస్తాడు. 1997లో 41 హోమ్ రన్లు కొట్టిన లాన్స్ బెర్క్‌మన్ అలా మూడేళ్లలో తయారైనవాడే. 2008లో అట్లాంటా బ్రేవ్స్ 27వ రౌండ్‌లో ఎంచుకున్న ఆంథొనీ రెండన్, రైస్‌లో మూడేళ్లు ఆడాక 2011లో ఆరో ఎంపికగా వాషింగ్టన్ నేషనల్స్‌కు వెళ్లాడు. జట్టు 1995 నుంచి 2017 దాకా వరుసగా 23 ఏళ్లు జాతీయ టోర్నమెంటుకు అర్హత సాధించింది. ఒమాహాలో జరిగే కాలేజీ వరల్డ్ సిరీస్‌కు ఏడుసార్లు చేరింది.

2003 ఫైనల్ స్టాన్‌ఫర్డ్‌తో. మూడింట రెండు గెలవాల్సిన పద్ధతి ఆ ఏడాదే మొదలైంది. మొదటి ఆట పది ఇన్నింగ్స్‌ల దాకా సాగి 4-3తో రైస్‌ది, రెండోది 8-3తో స్టాన్‌ఫర్డ్‌ది. జూన్ 23న నిర్ణాయక ఆటలో ఫిలిప్ హంబర్ తొమ్మిది ఇన్నింగ్స్‌లూ తానే బంతి వేశాడు, 14-2తో రైస్‌దే టైటిల్. మరుసటి ఏడాది డ్రాఫ్ట్‌లో హంబర్ మూడో ఎంపిక, జెఫ్ నీమన్ నాలుగు, వేడ్ టౌన్‌సెండ్ ఎనిమిది. మొదటి ఎనిమిది మందిలో ముగ్గురు ఒకే కాలేజీ పిచర్లు. 2005 ముగిసేలోగా హంబర్‌కూ టౌన్‌సెండ్‌కూ మోచేతి లిగమెంటుకు, నీమన్‌కు భుజానికి శస్త్రచికిత్సలు జరిగాయి.

రైస్ పిచర్ల చేతులు అరిగిపోతాయన్న మాట బేస్‌బాల్ లోకంలో బలపడింది ఇక్కడే. ఈ విమర్శను పూర్తిగా ఒప్పుకోవడం కష్టం. బలంగా విసిరే చేతులకు ఎక్కడైనా గాయాలవుతాయి. ఈ ముగ్గురిలో ఎవరి గాయం ఏ ఆట వల్ల అని తేల్చడం అసాధ్యం. హంబర్ కోలుకుని 2012 ఏప్రిల్ 21న వైట్ సాక్స్ తరఫున, ఒక్క బ్యాటర్‌నూ బేస్ చేరనివ్వకుండా పర్‌ఫెక్ట్ గేమ్ విసిరాడు. టౌన్‌సెండ్ మాత్రం మేజర్ లీగు మెట్టెక్కలేదు. అయినా కొట్టిపారేయలేని విషయం ఒకటుంది. జూన్‌లో గెలుపు కాలేజీ ఖాతాలో పడుతుంది. రెండేళ్ల తర్వాతి శస్త్రచికిత్స క్లబ్ ఖాతాలో, కుర్రవాడి ఒంటి మీద పడుతుంది. శాన్ జసింటోలో ఒకే దారిలో నడిచిన ప్రయోజనాలు ఇక్కడ విడిపోయాయి. 19 నుంచి 22 ఏళ్లవారికి ఒక రోజులో 120 బంతులే పరిమితి అని మేజర్ లీగు, యూఎస్‌ఏ బేస్‌బాల్ కలిసి మార్గదర్శకాలిచ్చింది 2014లో. అవి సలహాలే. కాలేజీ కోచ్‌ను కట్టడి చేయవు.

2018 సీజన్ తర్వాత రైస్ ఆయన ఒప్పందాన్ని పొడిగించలేదు. అప్పటికి ఆయనకు 82 ఏళ్లు. 2024 సెప్టెంబరులో కన్నుమూశారు. 2021లో పగ్గాలు పట్టిన హోసే క్రూజ్ జూనియర్ ఆయన శిష్యుడు. 2025లో వచ్చిన డేవిడ్ పియర్స్ ఒకప్పటి ఆయన సహాయ కోచ్. వాళ్లు నేర్చుకున్న రైస్ మాత్రం ఇప్పుడు లేదు. 2021 నుంచి ఆటగాడు ఏడాది కూర్చోనక్కర్లేకుండా మరో విశ్వవిద్యాలయానికి మారవచ్చు. కాలేజీ క్రీడలపై నడిచిన కోర్టు కేసులో 2025లో కుదిరిన ఒప్పందంలో చేరిన విశ్వవిద్యాలయాల్లో 11.7 లెక్క పోయి 34 మంది జట్టు పరిమితి వచ్చింది. డబ్బున్న కాలేజీ ఆ అందరికీ పూర్తి స్కాలర్‌షిప్ ఇవ్వొచ్చు. మూడేళ్ల పట్టు సడలిపోయింది. విశ్వవిద్యాలయ కోచ్ కూడా ఇప్పుడు ఏటికేడు జట్టును కొత్తగా కట్టుకోవాలి, శాన్ జసింటోలో గ్రాహం పదకొండేళ్లు చేసినట్టు.