ఎదురుగా ఉన్నా కనబడనిది

ధ్యాస ఒకచోట ఉంటే ఎదుటి వస్తువు కనబడదని పెద్దలు ఏనాటినుంచో అంటున్నదే. దానిని ప్రయోగశాలలో పరీక్షించిన చరిత్ర మాత్రం ఇటీవలిది.

ఇది చెవితో మొదలైంది. బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు కోలిన్ చెర్రీ 1953లో ప్రకటించిన ప్రయోగాలలో మనుషులకు రెండు చెవుల్లో రెండు ప్రసంగాలు వినిపించి, ఒకదానిని వెంటవెంటనే పలకమన్నాడు. రెండవ చెవిలో ఇంగ్లీషు పోయి జర్మన్ వచ్చినా వారు పసిగట్టలేదు. మన అష్టావధానులు పద్యం చెబుతూనే గంటలు లెక్కపెడతారంటే, అది ఎంత సాధన చేస్తే వచ్చే విద్యో ఊహించండి!

ఇది సరదా విషయమేమీ కాదు. 1972 డిసెంబరు 29 రాత్రి అమెరికాలో మయామీ విమానాశ్రయానికి చేరువైన ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ 401 విమానంలో, ముందు చక్రం దిగినట్లు తెలిపే చిన్న దీపం వెలగలేదు. రెండువేల అడుగుల ఎత్తున విమానాన్ని తిప్పుతూ సిబ్బంది ఆ దీపం సంగతిలో మునిగిపోయారు. ఈలోగా ఎత్తును నిలిపే స్వయంచాలక యంత్రం పట్టు వదిలింది. విమానం మెల్లగా దిగుతోందని ఎత్తు చూపే ముల్లు చెబుతూనే ఉంది. చూసే నాథుడు లేడు. చిత్తడి నేలలో కూలి 101 మంది మరణించారు. చెడింది ఒక బల్బు మాత్రమే.

ఆ దశాబ్దంలోనే ఆచార్య అల్రిక్ నైసర్ బంతి ఆట దృశ్యం చూపించి, బంతి చేతులు మారడాన్ని గమనించమన్నాడు. మధ్యలో గొడుగుతో ఒక యువతి నడిచి వెళ్లినా చాలామంది చూడలేదు. 1998లో మాక్, రాక్ అనే పరిశోధకులు దీనిమీద పుస్తకమే వెలువరించారు. 1999లో హార్వర్డ్‌లో సైమన్స్, చాబ్రిస్ గొడుగుకు బదులు గొరిల్లా వేషం ప్రవేశపెట్టారు. ఇంచుమించు సగంమందికి అదీ కనబడలేదు! వయసు మళ్లినవారిలో ఇది ఎక్కువని 2011లో మరో పరిశోధన తేల్చింది. "కళ్లెదుటే ఉంది కదా తాతయ్యా" అని మనవలు విసుక్కుంటే మన తరఫున చెప్పుకోవడానికి ఇదొక ఆధారం.

అయితే నిపుణులూ తప్పించుకోలేదు. 2013లో ఊపిరితిత్తుల స్కానింగు చిత్రాలలో గొరిల్లా బొమ్మ చొప్పించి, కణుపులు వెతకమని 24 మంది రేడియాలజిస్టులకు ఇచ్చారు. బొమ్మ మామూలు కణుపుకు 48 రెట్లు పెద్దది. 20 మంది గుర్తించలేదు. వారి కంటి కదలికలు నమోదుచేసి చూస్తే, అందులో ఎక్కువమంది చూపు సరిగ్గా ఆ గొరిల్లా మీదనే ఆగి వెళ్లింది.