రాత్రివేళ హైపోగ్లైసీమియా

మధుమేహానికి ఇన్సులిన్ వాడేవారిలో నిద్రాసమయంలో రక్తంలోని గ్లూకోజు ప్రమాణం తగ్గిపోవడాన్ని '''రాత్రివేళ హైపోగ్లైసీమియా''' అంటారు. డెసిలీటరు రక్తంలో గ్లూకోజు 70 మిల్లీగ్రాముల కంటె తగ్గితే దానిని హైపోగ్లైసీమియాగా పరిగణిస్తారు. 54 కంటె తగ్గితే తక్షణ చికిత్స అవసరం. దీర్ఘకాలం పనిచేసే ఇన్సులిన్ మోతాదు అవసరానికి మించి ఉండడం, లేదా అది ఉధృతంగా పనిచేసే సమయం నడిరాత్రితో కలవడం దీనికి ముఖ్యకారణాలు.

== నిద్రలో ప్రమాదం ==

పగటివేళ గ్లూకోజు తగ్గినపుడు అడ్రినలిన్ విడుదలై చేతులు వణకడం, చెమట పట్టడం, గుండెదడ వంటి హెచ్చరికలు కలుగుతాయి. నిద్రలో ఈ ప్రతిస్పందన మందగిస్తుంది కనుక రోగికి మెలకువ రాకపోవచ్చు. చెమటతో తడిసిన పక్కబట్టలు, పీడకలలు, ఉదయం తలనొప్పి మాత్రమే ఆనవాళ్ళుగా మిగులుతాయి. వీటిని రోగి కంటె ఇంటిలోనివారే ముందుగా గుర్తించడం కద్దు. తీవ్రమైనపుడు మూర్ఛలు రావచ్చు, స్పృహ తప్పవచ్చు. టైపు 1 మధుమేహం గల యువతీయువకులు రాత్రి మామూలుగా నిద్రించి, తెల్లవారేసరికి మరణించి ఉన్న సందర్భాలను 1991లో టాటర్‌సాల్, గిల్ అనే వైద్యులు ఒక వ్యాసంలో వివరించారు. గ్లూకోజు పడిపోయి గుండెలయ దెబ్బతినడం ఇందుకు ఒక కారణం కావచ్చునని భావిస్తారు.

== ఇన్సులిన్ రకాలు ==

డెన్మార్కుకు చెందిన హాగెడోర్న్ బృందం 1936లో ప్రోటమిన్ చేర్చిన ఇన్సులిన్‌ను, 1946లో ఎన్.పి.హెచ్. ఇన్సులిన్‌ను రూపొందించింది. ఎన్.పి.హెచ్. సూది వేసిన 4 నుండి 10 గంటల మధ్య గరిష్ఠంగా పనిచేస్తుంది. రాత్రి 8 గంటలకు భోజనానికి ముందు తీసుకుంటే ఈ ఉధృతి అర్ధరాత్రి తరువాత వస్తుంది. శరీరానికి ఇన్సులిన్ అవసరం అతితక్కువగా ఉండేది కూడా అప్పుడే. వేకువన కార్టిసాల్, గ్రోత్ హార్మోను పెరిగి గ్లూకోజును పెంచుతాయి. అందువలన మోతాదు తగ్గించకుండానే సూదిని భోజనవేళ నుండి పడుకునే వేళకు మార్చడం కొందరికి సరిపోతుంది.

భారతదేశంలో విరివిగా వాడే 30/70 మిశ్రమంలో 70 శాతం ఎన్.పి.హెచ్. ఉంటుంది. దీనిలో ఒక భాగాన్ని మాత్రమే తగ్గించడం వీలుకాదు. 2000లో అమెరికాలో ఆమోదం పొందిన గ్లార్జిన్, 2015లో ఆమోదం పొందిన డెగ్లుడెక్ రోజంతా దాదాపు ఒకే తీరుగా పనిచేస్తాయి కనుక, వీటితో రాత్రివేళ సమస్య తక్కువ. అయితే ఖరీదు ఎక్కువ.

== మోతాదు సవరణ ==

సవరణకు ముందు పడుకునే వేళ, తెల్లవారుజామున 2–3 గంటలకు, ఉదయం పరగడుపున కొన్నాళ్ళు పరీక్షించాలి. పడుకున్నప్పటి నుండి ఉదయానికి గ్లూకోజు 50 మిల్లీగ్రాములు లేదా అంతకు మించి పడిపోతుంటే దీర్ఘకాలిక ఇన్సులిన్ అధికమైందని అనుమానిస్తారు. స్పష్టమైన వేరే కారణం లేకపోతే వైద్యులు సాధారణంగా 10–20 శాతం తగ్గిస్తారు. అంటే 20 యూనిట్లు వాడేవారికి 16 నుండి 18 యూనిట్లు. డెగ్లుడెక్ మార్పు పూర్తిగా స్థిరపడడానికి 3–4 రోజులు పడుతుంది కనుక ప్రతిదినం మోతాదు మార్చడం తగదు. టైపు 1 రోగులు భయపడి దీర్ఘకాలిక ఇన్సులిన్‌ను పూర్తిగా మానివేస్తే కీటోఅసిడోసిస్ అనే ప్రాణాంతక స్థితి ఏర్పడుతుంది.

సాయంత్రం కఠినశ్రమ, మద్యపానం, రాత్రి భోజనం మానడం, మూత్రపిండాల జబ్బు కూడా గ్లూకోజును తగ్గిస్తాయి. మద్యం కాలేయంలో గ్లూకోజు తయారీని అణచివేస్తుంది. ఇటువంటివి ఏదో ఒక రాత్రికి పరిమితమైతే రోజువారీ మోతాదును శాశ్వతంగా తగ్గించనవసరం లేదు.

రాత్రి గ్లూకోజు తగ్గితే, ప్రతిచర్యగా ఉదయం పెరుగుతుందని 1930లలో మైఖేల్ సోమోగ్యి ప్రతిపాదించాడు. నిరంతర గ్లూకోజు పరికరాలతో జరిగిన పరిశీలనలు దీనిని పెద్దగా సమర్థించలేదు. రాత్రి తగ్గినవారికి ఉదయం కూడా తక్కువగానే ఉండడం ఎక్కువగా కనిపించింది. కనుక ఉదయపు అంకె ఒక్కటే చూసి మోతాదు మార్చడం ఊహ మాత్రమే.

భారతదేశంలో మిల్లీలీటరుకు 40 యూనిట్ల సీసాలు, 100 యూనిట్ల మందులు రెండూ లభిస్తాయి. 100 యూనిట్ల మందును 40 యూనిట్ల సిరంజితో తీస్తే రెండున్నర రెట్లు ఇన్సులిన్ శరీరంలోకి వెళుతుంది. ఎన్.పి.హెచ్. సీసాను అరచేతుల మధ్య దొర్లించి కలపకపోయినా మోతాదు రోజుకొక రకంగా మారుతుంది.

== తక్షణ చికిత్స ==

స్పృహలో ఉన్నవారికి సుమారు 15 గ్రాముల గ్లూకోజు లేదా చక్కెర నీటిలో కలిపి ఇచ్చి, 15 నిమిషాల తరువాత మళ్ళీ పరీక్షించాలి. స్పృహ లేనివారికి నోటిద్వారా ఏమీ పోయరాదు. గ్లూకగాన్ అందుబాటులో ఉంటే ఇచ్చి, వెంటనే ఆసుపత్రికి తరలించాలి.